వందేళ్ల కాంక్రీటుకు పదేళ్ల సాక్ష్యం

హాంకాంగ్, జుహాయ్, మకావులను సముద్రం మీదుగా కలిపే వంతెన మీద రాకపోకలు 2018లో మొదలయ్యాయి. 120 ఏళ్లు నిలవాలన్న లెక్కతో దాన్ని కట్టారు. డెన్మార్క్‌లోని గ్రేట్ బెల్ట్ వంతెనకు వందేళ్ల ఆయుష్షు పెట్టారు. ఆ డ్రాయింగుల మీద సంతకాలు చేసిన ఇంజినీర్లలో గడువు తీరే నాటికి ఎవరూ ఉండరు. లెక్క తప్పితే నిలదీయడానికి మనిషి దొరకడు. అలాగని అవి నోటికొచ్చిన అంకెలు కావు. ఉప్పు కాంక్రీటులోకి ఎన్నేళ్లకు ఎంత లోతు దిగుతుంది, లోపలి స్టీలుకు తుప్పు ఎప్పుడు మొదలవుతుంది అన్నవి లెక్కగట్టి వేసినవే. ఆ లెక్కకు దన్ను పోర్ట్‌లాండ్ సిమెంటుతో ఉన్న పాత పరిచయం. జోసెఫ్ ఆస్ప్‌డిన్ దానికి పేటెంటు తీసుకున్నది 1824లో. అది ఎక్కడ నిలిచిందో, ఎక్కడ పగిలిందో లోకం అప్పటి నుంచీ చూస్తూనే ఉంది.

ఇప్పుడు మార్చాల్సి వచ్చింది ఆ సిమెంటునే. కార్బన్ ఉద్గారాలు తగ్గాలంటే సిమెంటు తయారీ మారక తప్పదు. మార్చిన సిమెంట్లలో కొన్నింటికి అసలు కట్టడాల్లో పట్టుమని పదేళ్ల చరిత్ర లేదు. వాటితో వందేళ్ల వంతెన కట్టమంటే ఇంజినీరు వెనకాడతాడు. దాన్ని మొండితనం అనుకోవడం తప్పు. కాంక్రీటు మీద దేశాలు కలిసి పరిశోధించాల్సిన అవసరం ఈ వెనకాడటంలోనే ఉంది. కొత్త పదార్థం కనిపెట్టడానికి ఒక మంచి ల్యాబ్ చాలు. దాన్ని నమ్మాలంటే మాత్రం వేర్వేరు మట్టితో, వేర్వేరు వాతావరణాల్లో, వేర్వేరు చేతుల మీదుగా అదే ఫలితం రావాలి.

సున్నపురాయిలోనే చిక్కు

ప్రపంచంలో ఏటా సుమారు 400 కోట్ల టన్నుల సిమెంటు తయారవుతోంది. మనుషుల పనుల వల్ల గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్‌లో 7 నుంచి 8 శాతం దీని వాటా. సిమెంటు అనగానే బొగ్గు మండించే బట్టీలు గుర్తొస్తాయి కానీ ఇంధనం వాటా అందులో 40 శాతం దాకానే. మిగతా 60 శాతం సున్నపురాయిదే. సున్నపురాయిని కాలిస్తే అది సున్నంగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. ఆ సున్నం సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వేడిలో బంకమట్టితో కలిసి క్లింకర్ అనే గట్టి గడ్డలవుతుంది. సిమెంటులో ముఖ్యభాగం ఆ గడ్డల పొడే. బొగ్గు తీసేసి బట్టీని మొత్తం సౌరవిద్యుత్తుతో నడిపినా రాయిలోంచి వచ్చే వాయువు ఆగదు.

కాబట్టి దారులు రెండే. వచ్చిన వాయువును పట్టి భూగర్భంలో దాచాలి, లేదా క్లింకర్ వాడకం తగ్గించాలి. మొదటిది నార్వేలోని బ్రెవిక్ సిమెంటు ప్లాంటులో 2025లో మొదలైంది. ఏడాదికి 4 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే సామర్థ్యం దానిది. మంచి పనే. కానీ ఖర్చు భరించగల దేశాలు కొన్నే.

రెండో దారి కొత్తదేమీ కాదు. థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాలాక మిగిలే ఫ్లై యాష్ అనే బూడిద, ఉక్కు కర్మాగారాల్లో మిగిలే స్లాగ్ అనే చిట్టెం దశాబ్దాలుగా సిమెంటులో కలుస్తూనే ఉన్నాయి. అయితే రెండింటి సరఫరాకూ పరిమితి ఉంది. బ్రిటన్ తన చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని 2024 సెప్టెంబరు 30న మూసేసింది. ఉక్కు పరిశ్రమ బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి ఎలక్ట్రిక్ ఫర్నేస్‌కు మారేకొద్దీ సిమెంటుకు పనికొచ్చే ఆ రకం స్లాగ్ తగ్గుతుంది. ఒక పరిశ్రమ శుభ్రపడితే ఇంకో పరిశ్రమకు ముడిసరుకు కరువవడం ఇక్కడి తమాషా.

మన్నిక సంగతి ఈ లెక్కలో తరచూ మరుగున పడుతుంది. యాభై ఏళ్లకే కూల్చి మళ్లీ కట్టాల్సిన వంతెన వందేళ్లు నిలిస్తే రెండోసారి పట్టే సిమెంటు మొత్తం మిగులుతుంది. మరి తక్కువ కార్బన్ సిమెంటు వాడిన నిర్మాణం ముప్పై ఏళ్లకే మరమ్మతుకు వస్తే? మొదట ఆదా చేసినదంతా ఆ మరమ్మతులోనే పోతుంది. పర్యావరణ హితం, మన్నిక ఒకే మాటగా చెప్పుకోవడం అలవాటైంది గానీ ఆ రెండూ వాటంతట అవి కలిసి రావు. కలిపి సాధించాల్సి ఉంటుంది.

ఐదు మిల్లీమీటర్లు, ముప్పై ఏళ్లు

కాంక్రీటు తనంతట తాను అంత తేలిగ్గా పాడవదు. చాలాసార్లు దాన్ని చెడగొట్టేది లోపలి స్టీలే. తాజా కాంక్రీటు లోపల క్షారగుణం చాలా ఎక్కువ, పీహెచ్ 12.5 నుంచి 13 పైదాకా ఉంటుంది. ఆ స్థితిలో చువ్వ చుట్టూ కంటికి కనపడనంత పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. ఈ కాపుదల రెండు విధాలుగా పోతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సూక్ష్మ రంధ్రాల్లోంచి దిగి సున్నంతో కలిసి పీహెచ్‌ను 9 కిందికి లాగేయడం ఒకటి. దీన్ని కార్బొనేషన్ అంటారు. సముద్రపు గాలి నుంచో, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు నుంచో క్లోరైడ్ దిగి ఆ పొరను అక్కడక్కడా పొడవడం రెండోది. పొర పోయాక తేమ, ఆక్సిజన్ ఉంటే చాలు. తుప్పు పట్టిన ఇనుము తన అసలు పరిమాణానికి రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి పైనున్న కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది.

చువ్వ మీద ఉండే కాంక్రీటు మందాన్ని సైట్లలో కవర్ అంటారు. కార్బొనేషన్ లోతు కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. 25 ఏళ్లలో 15 మిల్లీమీటర్లు దిగిందంటే 30 మిల్లీమీటర్లు దిగడానికి వందేళ్లు పడుతుంది. రెట్టింపు కవర్ నాలుగింతల కాలం కొనిస్తుందన్న మాట. ఈ లెక్కకు రెండో వైపు కూడా చూడాలి. డ్రాయింగులో 30 ఉండి, ఆ ఎడం కోసం చువ్వ కింద పెట్టే చిన్న దిమ్మె, కవర్ బ్లాకు, జరిగి సైట్లో 25 మాత్రమే వచ్చిందనుకుందాం. వందేళ్ల గడువు 70కి దిగిపోతుంది. ఐదు మిల్లీమీటర్ల అలక్ష్యానికి ముప్పై ఏళ్లు పోయాయి. ఏ ఖరీదైన సిమెంటూ దాన్ని పూడ్చలేదు. మన్నిక మీద వచ్చే పరిశోధనపత్రాల్లో రసాయనశాస్త్రానికి దక్కే చోటు కవర్ బ్లాకులకు దక్కదు.

కార్బొనేషన్ ఎంత లోతు దిగిందో చూడటం మాత్రం తేలికే. కట్టడం నుంచి గుండ్రటి కోర్ తీసి, నిలువునా చీల్చి, తాజా పగులు మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. క్షారం మిగిలిన చోట ముదురు గులాబీ రంగు తేలుతుంది. కార్బొనేషన్ అయిన చోట రంగు రాదు. పై అంచు నుంచి గులాబీ గీత దాకా స్కేలు పెట్టి కొలిస్తే లోతు తెలిసిపోతుంది. క్లోరైడుకైతే సిల్వర్ నైట్రేట్ చల్లుతారు, ఉప్పు చేరిన మేర తెల్లబడుతుంది. స్వీడన్‌లో రూపుదిద్దుకుని, నార్డిక్ దేశాలు 1999లో ప్రమాణంగా తీసుకున్న ఎన్‌టీ బిల్డ్ 492 పరీక్ష ఇలాంటిదే. కాంక్రీటు బిళ్లకు ఇటూ అటూ కరెంటు పెట్టి క్లోరైడును వేగంగా లోపలికి తోస్తారు, తర్వాత చీల్చి కొలుస్తారు. ఇప్పుడది చాలా దేశాల్లో వాడుకలో ఉంది.

ఎల్లలు దాటని హెచ్చరిక

సమాచారం దేశం దాటకపోతే ఏమవుతుందో చెప్పడానికి హై అల్యూమినా సిమెంటు కథను మించినది లేదు. పోర్ట్‌లాండ్ సిమెంటుకు నాలుగు వారాలు పట్టే బలం దీనికి ఒక్క రోజులో వచ్చేస్తుంది. ఫ్యాక్టరీలో బీములు పోసి మర్నాడే అచ్చు విప్పుకోవచ్చు. యుద్ధానంతర బ్రిటన్‌లో బడులు, ఇళ్లు ఆదరాబాదరాగా కట్టాల్సిన రోజుల్లో ఇది వరంలా కనిపించింది. కానీ దానిలో మొదట ఏర్పడే స్ఫటికాలు నిలకడైనవి కావు. వేడి, తేమ తగిలితే కొన్నేళ్లలో ఇంకా సాంద్రమైన రూపంలోకి మారి, మధ్యలో ఖాళీలు వదిలి, బలాన్ని పోగొట్టుకుంటాయి. నీళ్లు ఎక్కువ పోసి కలిపిన చోట ఈ నష్టం మరీ ఎక్కువ.

ఫ్రాన్స్‌లో దీని మీద ఆంక్షలు రెండో ప్రపంచ యుద్ధకాలానికే వచ్చాయి. జర్మనీ 1962లో నిర్మాణాల్లో వాడకూడదని తేల్చింది. బ్రిటన్‌లో మాత్రం ఈ బీములు వేస్తూనే పోయారు. 1973లో లండన్‌లో కామ్డెన్ బాలికల పాఠశాల పైకప్పు కూలింది. 1974 ఫిబ్రవరిలో స్టెప్నీలో ఇంకో బడి ఈతకొలను పైకప్పు పడిపోయింది. ఈతకొలను పైన ఎప్పుడూ వేడి, ఎప్పుడూ తేమ. ఆ సిమెంటుకు పనికిరాని చోటు అంతకన్నా ఉండదు. అదృష్టం కొద్దీ ప్రాణనష్టం జరగలేదు. ఆ తర్వాతే అక్కడి నిబంధనల్లోంచి దాన్ని తీసేశారు.

ఫ్రాన్స్, బ్రిటన్‌ల మధ్య ఉన్న ఇంగ్లిష్ ఛానెల్‌కు అవతలి ఒడ్డున తెలిసిన సంగతి ఇవతలి ఒడ్డుకు చేరడానికి మూడు దశాబ్దాలు పట్టింది. శాస్త్రం తెలియక కాదు. ఎవరి ప్రమాణాలు వారివి, ఎవరి పరీక్షలు వారివి, పక్క దేశం ఫలితం మన వాతావరణానికి వర్తించదులే అనుకోవడం ఎవరికైనా తేలిక. కొత్త సిమెంట్ల విషయంలో ఇంజినీర్లు ఇవాళ్టికీ అనుమానంగా చూడటానికి ఇలాంటి జ్ఞాపకాలు కారణం. ఆ అనుమానాన్ని వాదనతో తీర్చలేం. కొలతలు కావాలి.

ఒకే నమూనా, చాలా ల్యాబులు

ఆ కొలతలను ఒక దారికి తెచ్చే పనిలో పాత సంస్థ రిలెమ్. 1947లో పారిస్‌లో మొదలైన ఈ అంతర్జాతీయ సంఘం నిర్మాణ సామగ్రిని పరీక్షించే ల్యాబులను, నిపుణులను ఒకచోటికి చేర్చింది. దీని పని సాంకేతిక కమిటీల్లో నడుస్తుంది. పైకి చూస్తే చప్పగా ఉంటుంది. ఒకే పదార్థపు నమూనాను పలు దేశాల ల్యాబులకు పంపుతారు, అందరూ ఒకే పద్ధతిలో పరీక్షిస్తారు, ఫలితాలు పక్కపక్కన పెట్టి చూస్తారు. ఫలితాల్లో తేడా విపరీతంగా ఉంటే లోపం పదార్థానిది కాదు, పరీక్షదే అని తేలుతుంది. పేరు తెచ్చే పని కాదు గనక యువ పరిశోధకులకు దీని మీద మోజు తక్కువ. అయినా ఈ రంగంలో నిలిచిన ఫలితాల్లో చాలా భాగం ఇలాంటి కమిటీల నుంచి వచ్చినవే.

ఆర్3 పరీక్షనే తీసుకోండి. ఫ్లై యాష్, స్లాగ్, కాల్చిన బంకమట్టి లాంటివి సిమెంటులో ఎంత చురుగ్గా పనిచేస్తాయో తెలుసుకోవడానికి పాత పద్ధతి మోర్టార్ దిమ్మెలు పోసి 28 రోజులకు నలగ్గొట్టి చూడటం. ఇబ్బంది ఏమిటంటే, ఏ చురుకూ లేని మెత్తటి రాతిపొడి కూడా ఖాళీలు నింపి కొంత బలం ఇస్తుంది. నిజంగా రసాయన చర్య జరిగిందా, ఉత్త పూరకమా అన్నది ఆ పరీక్ష సరిగా చెప్పలేదు. స్విట్జర్లాండ్‌లోని లొజాన్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఈపీఎఫ్ఎల్‌లో రూపొందిన ఆర్3 పద్ధతిలో అసలు సిమెంటే ఉండదు. పరీక్షించే పొడిని కాల్షియం హైడ్రాక్సైడ్, క్షారాలు, సల్ఫేట్‌తో కలిపి 40 డిగ్రీల వద్ద ఏడు రోజులు ఉంచి, వెలువడే వేడిని కొలుస్తారు. చర్య జరిగితే వేడి పుడుతుంది, జరగకపోతే పుట్టదు. రిలెమ్ కమిటీ దీన్ని ఇతర పరీక్షలతో పాటు చాలా ల్యాబుల్లో పోల్చి చూసింది, తర్వాత 2020లో అమెరికా ప్రమాణాల్లోకి ఏఎస్‌టీఎం సీ1897గా చేరింది. ఏ దేశంలో ఏ మట్టి దొరికినా వారం రోజుల్లో దాని సత్తా తెలుసుకునే వీలు దీంతో వచ్చింది. దూరాన ఉన్న ఏ చిన్న ల్యాబ్ అయినా పెద్ద ల్యాబ్ అంకెలతో తన అంకెలు పోల్చుకోవచ్చు.

క్యూబా, స్విట్జర్లాండ్, భారత్

సహకారం మాటల్లో కాక బస్తాల్లోకి ఎక్కిన ఉదాహరణ ఎల్‌సీ3 అనే సిమెంటు. సగం క్లింకర్, 30 శాతం కాల్చిన బంకమట్టి, 15 శాతం కాల్చని సున్నపురాయి పొడి, 5 శాతం జిప్సం. ప్రసిద్ధమైన పాళ్లు ఇవి. ఈపీఎఫ్ఎల్‌లో కారెన్ స్క్రివెనర్, క్యూబాలో సాంతా క్లారా నగరంలోని లాస్ వియాస్ విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో మార్తిరెనా బృందాలు దీని మీద కలిసి పనిచేశాయి. ఢిల్లీ, మద్రాస్, బొంబాయి ఐఐటీలు తోడయ్యాయి. డబ్బు చాలావరకు స్విస్ ప్రభుత్వ అభివృద్ధి సహకార సంస్థ ఇచ్చింది. 2013లో క్యూబాలో ఫ్యాక్టరీ స్థాయి ట్రయల్ జరిగింది, తర్వాత భారత్‌లోనూ.

ఈ పొత్తు యాదృచ్ఛికం అనుకోనక్కర్లేదు. క్యూబాకు ఇళ్లు కావాలి, దిగుమతులకు డబ్బు లేదు, మంచి బంకమట్టి ఉంది. భారత్ సిమెంటు తయారీలో చైనా తర్వాతి స్థానంలో ఉంది, చీనామట్టి గనుల దగ్గర పనికిరాదని పక్కన పోసిన మట్టి గుట్టలున్నాయి. స్విట్జర్లాండ్‌కు సిమెంటు కరువు లేదు గానీ స్ఫటికాలను లోతుగా చూసే పరికరాలున్నాయి. ఎవరి అవసరం వారిదైనా కూడిక కుదిరింది. సాధారణంగా ఇలాంటి పొత్తుల్లో ఉత్తరాది దేశాలు పరిశోధిస్తే దక్షిణాది దేశాలు నమూనాలు పంపుతాయి. ఇక్కడ ట్రయల్స్ దక్షిణాదిలోనే జరిగాయి, అక్కడ ఎదురైన చిక్కులే పరిశోధన ప్రశ్నలయ్యాయి.

రసాయనంగా దీని కిటుకు ఇది. బంకమట్టిలోని కయోలినైట్‌ను 700 నుంచి 850 డిగ్రీల మధ్య కాలిస్తే మెటాకయోలిన్ అవుతుంది. ఈ కాల్పులో మట్టి నుంచి పోయేది నీరు మాత్రమే. మెటాకయోలిన్‌లోని అల్యూమినా పక్కనున్న సున్నపురాయి పొడితో కలిసి కార్బోఅల్యూమినేట్లనే కొత్త స్ఫటికాలుగా మారి రంధ్రాలను పూడుస్తుంది. అందుకే సగం క్లింకర్ తీసేసినా బలం దాదాపు అంతే వస్తుంది, కార్బన్ ఉద్గారాలు 30 నుంచి 40 శాతం దాకా తగ్గుతాయి. మట్టి మేలిరకం కూడా కానక్కర్లేదు, కయోలినైట్ 40 శాతం ఉంటే సరిపోతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 197-5 సగం క్లింకర్ ఉన్న ఇలాంటి మిశ్రమాలకు 2021లో తలుపు తీసింది. భారత ప్రమాణం ఐఎస్ 18189 వచ్చింది 2023లో.

లోపాలు లేవని కాదు. కాల్చిన మట్టి నీటిని ఎక్కువ పీల్చుకుంటుంది, మిశ్రమం బిగుసుకుపోకుండా ఉండటానికి సూపర్‌ప్లాస్టిసైజర్ మోతాదు పెంచాలి. మట్టిలో ఇనుము ఉంటే సిమెంటు ఎర్రబారుతుంది, ‘సిమెంటంటే బూడిదరంగే’ అనుకునే కొనుగోలుదారు పెదవి విరుస్తాడు. అన్నిటికన్నా గట్టి ప్రశ్న కార్బొనేషన్‌ది. రంధ్రాలు సన్నబడినందువల్ల ఎల్‌సీ3 కాంక్రీటు ఉప్పును బాగా అడ్డుకుంటుంది, సముద్రపు కట్టడాలకు ఇది పెద్ద లాభం. అదే సమయంలో క్లింకర్ తగ్గడంతో లోపల సున్నం నిల్వ కూడా తక్కువ. కార్బన్ డయాక్సైడ్‌ను అడ్డుకోవడానికి కావాల్సిన సరుకే తగ్గింది గనక కార్బొనేషన్ త్వరగా నడుస్తుంది.

అయితే త్వరగా అంటే ఎంత? దీనికి జవాబు ఇచ్చే పరీక్షే వివాదంలో ఉంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం. ల్యాబ్‌లో అంతకాలం ఆగలేరు గనక 1 నుంచి 4 శాతం, కొన్నిచోట్ల అంతకు మించి, వాయువు నింపిన పెట్టెల్లో నమూనాలు పెడతారు. అంత గాఢతలో జరిగే చర్య బయట నెమ్మదిగా జరిగే చర్యలాంటిది కాకపోవచ్చు. క్లింకర్ తక్కువున్న సిమెంట్లకు ఈ పెట్టె అసలు కన్నా కఠినమైన తీర్పు ఇస్తోందా అన్న దాని మీద రిలెమ్‌లో ప్రత్యేక కమిటీయే పనిచేసింది. ఇంకో మెలిక కూడా ఉంది. కార్బొనేషన్ చువ్వను తాకినంత మాత్రాన తుప్పు మొదలవదు, తేమ కూడా ఉండాలి. పొడిగా ఉండే గదిలోపలి స్లాబు పూర్తిగా కార్బొనేట్ అయినా చువ్వ పదిలంగానే ఉండొచ్చు. వానకు తడిసి ఎండకు ఆరే బాల్కనీ సంగతి వేరు. అంటే ఒకే సిమెంటు ఒకే ఇంట్లో ఒకచోట మంచిది, ఇంకోచోట అనుమానం. ప్రమాణాలు రాసేవారికి ఇంతకు మించిన తలనొప్పి ఉండదు.

ఇదే కార్బొనేషన్‌కు ఇంకో ముఖం ఉంది. పలు దేశాల శాస్త్రవేత్తలు కలిసి 2016లో ప్రచురించిన అంచనా ప్రకారం, 1930 నుంచి 2013 దాకా సున్నపురాయి విడిపోవడం వల్ల సిమెంటు వదిలిన కార్బన్‌లో 43 శాతం దాకా కాంక్రీటు, గారలే మెల్లగా తిరిగి పీల్చుకున్నాయి. వాతావరణం వైపు నుంచి చూస్తే అది మేలు, చువ్వ వైపు నుంచి చూస్తే కీడు. స్టీలు లేని దిమ్మెలు, కూల్చిన శిథిలాల్లో అది ఎంత జరిగితే అంత మంచిదే.

లెక్కలో సంభావ్యత

పాత నిబంధనలు వంటకం చెప్పినట్టు ఉంటాయి. ఇంతకు తగ్గకుండా సిమెంటు, ఇంతకు మించకుండా నీరు, ఇంత కవర్. కొత్త సిమెంట్లకు ఈ పద్ధతి అన్యాయం చేస్తుంది. సిమెంటు పాలు తగ్గించడమే లక్ష్యమైనప్పుడు ‘కనీస సిమెంటు’ అనే నిబంధనే గోడ అవుతుంది. 1996 నుంచి 1999 దాకా యూరప్ దేశాలు కలిసి నడిపిన డ్యూరాక్రీట్ ప్రాజెక్టు ఇంకో దారి చూపింది. మిశ్రమం ఏదైనా కానివ్వండి, పరీక్షలో అది ఎంత నిరోధం చూపిందో చెప్పండి, ఇన్నేళ్లలో తుప్పు మొదలయ్యే సంభావ్యత ఎంతో లెక్కగట్టండి అన్నది దాని సారం. 1998లో రెండు పాత సంఘాలు కలిసి ఏర్పడిన ‘ఫిబ్’ అనే అంతర్జాతీయ కాంక్రీటు సమాఖ్య 2006లో ఆయుష్షు డిజైన్‌కు నమూనా నియమావళి తెచ్చింది. కాంక్రీటు కట్టడాలకు యూరప్ నియమావళి అయిన యూరోకోడ్ 2 కొత్త కూర్పు 2023లో కాంక్రీటును నిరోధశక్తిని బట్టి తరగతులుగా విడగొట్టింది. ఒక పరిశోధన ఆలోచన నిబంధనగా మారడానికి పాతికేళ్లు పట్టింది. సిమెంటు ఉద్గారాలను 2050కల్లా నికరంగా సున్నాకు తెస్తామంటున్న పరిశ్రమకు ఇంత తీరిక లేదు.

దక్షిణాఫ్రికాలో దారి ఇంకొంచెం నేలకు దగ్గరగా ఉంది. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో అభివృద్ధి చేసిన ఆక్సిజన్ పర్మియబిలిటీ పరీక్షలో కాంక్రీటు బిళ్లలోంచి వాయువు ఎంత వేగంగా జారిపోతుందో చూస్తారు. నమూనాను కట్టిన నిర్మాణం నుంచే తీస్తారు గనక మిశ్రమం ఒక్కటే కాదు, సరిగా వైబ్రేటర్ పెట్టారా, క్యూరింగ్ చేశారా అన్నదీ బయటపడుతుంది. అక్కడి జాతీయ రహదారుల ప్రాజెక్టుల్లో దీన్ని వాడుతున్నారు. ఐఐటీ మద్రాస్ కూడా ఈ పరీక్షలను తన ల్యాబ్‌కు తెచ్చుకుంది. వేడి దేశాల మధ్య నేరుగా సాగిన ఈ మార్పిడికి ఎక్కువ ప్రచారం రాలేదు, రావాల్సింది.

ఎందుకంటే మన్నిక సమాచారం డబ్బున్న చల్లటి దేశాల్లో పోగుపడి ఉంది. అమెరికాలో మేన్ రాష్ట్రపు ట్రీట్ ఐలాండ్‌లో సైనిక ఇంజినీర్ల విభాగం 1936 నుంచి కాంక్రీటు నమూనాలను అలలకు వదిలి చూస్తోంది, ఏటా వందకు పైగా సార్లు గడ్డకట్టి కరుగుతాయవి. అమూల్యమైన సమాచారమే, కానీ మంచు పడని తీరాలకు దాంట్లో పనికొచ్చేది తక్కువ. వేడి పెరిగేకొద్దీ క్లోరైడ్ దిగే వేగమూ తుప్పు వేగమూ పెరుగుతాయి. రాబోయే దశాబ్దాల్లో ఎక్కువ కాంక్రీటు పడేది ఉష్ణమండల దేశాల్లోనే. నలభై, యాభై ఏళ్ల సమాచారం ఉన్న చోటు ఒకటి, అది కావాల్సిన చోటు ఇంకొకటి.

స్టీలు తీసేస్తే

తుప్పు పట్టేది స్టీలే అయితే దాన్నే వదిలేయొచ్చు కదా అన్న ఆలోచనా ఉంది. హవాయిలోని కవాయి దీవిలో ఒక శివాలయానికి 1999లో పునాది పోశారు. వెయ్యేళ్లు నిలవాలన్నది కోరిక. బర్కిలీ ఆచార్యుడు పి.కుమార్ మెహతా సిమెంటులో సగానికి పైగా ఫ్లై యాష్ పెట్టి, చువ్వ ఒక్కటి కూడా లేకుండా డిజైన్ చేశారు. బలం నిదానంగా వస్తుంది, వేడి తక్కువ పుడుతుంది, పగుళ్లు రావు. తొందర లేని యజమాని దొరికితే మన్నిక, తక్కువ కార్బన్ రెండూ ఒకే మిశ్రమంలో కుదురుతాయనడానికి ఇదొక సాక్ష్యం. అలాంటి యజమానులు అరుదు.

జర్మనీలోని డ్రెస్డెన్‌లో 2022లో క్యూబ్ అనే భవనాన్ని స్టీలుకు బదులు కార్బన్ ఫైబర్ వలలతో కట్టారు. తుప్పు భయం లేదు గనక మందపాటి కవర్ అక్కర్లేదు, కాంక్రీటు చాలా తగ్గుతుంది. కార్బన్ ఫైబర్ తయారీకి పట్టే శక్తిని కూడా లెక్కలో వేయాలి మరి. రోమన్ కాంక్రీటు గురించి పత్రికల్లో వచ్చే ముచ్చట్లకూ కొంచెం జాగ్రత్త కావాలి. అమెరికా, ఇటలీ, స్విట్జర్లాండ్ బృందం 2023లో చెప్పినట్టు, అందులోని సున్నపు ముద్దలు పగుళ్లలో నీరు చేరినప్పుడు కరిగి వాటిని పూడ్చుతాయన్న మాట ఆసక్తికరమే. కానీ రోమన్ల కాంక్రీటులో చువ్వలు లేవు. చువ్వలున్న కాంక్రీటును దాంతో పోల్చి చిన్నబుచ్చడం న్యాయం కాదు.

పంచుకోనివి

పరిశ్రమ, విశ్వవిద్యాలయాలు కలిసి నడిచే వేదికలు ఇప్పుడు తక్కువేమీ లేవు. 2004లో యూరప్‌లో నానోసెమ్ ఏర్పడింది. ప్రపంచ సిమెంటు, కాంక్రీటు సంఘం 2020లో ఇన్నోవాండి పేరుతో పరిశోధన నెట్‌వర్క్ మొదలుపెట్టింది. వీటిలో పోటీ కంపెనీలు ఒకే బల్ల దగ్గర కూర్చుంటాయి. సిమెంటు ముద్ద ఎలా గట్టిపడుతుంది లాంటి మూల ప్రశ్నల మీద కలిసి ఖర్చు పెడతాయి. రసాయన మిశ్రమాల ఫార్ములాలు ఎవరి దగ్గర వారివే. అందులో తప్పు లేదు. అసలు లోటు వేరే ఉంది. చెడిపోయిన వాటి వివరాలు ఎవరూ పంచుకోరు. ఇన్సూరెన్స్, కోర్టులు, కాంట్రాక్టు గొడవలు అన్నీ నోళ్లు మూయిస్తాయి.

పెద్ద ప్రమాదం జరిగినప్పుడే తలుపులు తెరుచుకుంటాయి. 2018 ఆగస్టు 14న జెనోవాలో మొరాండి వంతెన కూలి 43 మంది చనిపోయారు. కాంక్రీటు తొడుగులో దాగిన స్టీలు తీగలు తుప్పు పట్టిన సంగతి పైకి సరిగా కనపడలేదు. 2024 సెప్టెంబరులో డ్రెస్డెన్‌లో కరోలా వంతెనలో కొంత భాగం అర్ధరాత్రి దాటాక నదిలోకి కూలింది, ఎవరికీ ఏమీ కాలేదు. 1971 నాటి ఆ వంతెనలో వాడిన ఒక రకం స్టీలు తీగలు లోలోపలే పెళుసై తెగిపోయాయని తేలింది. దాంతో జర్మనీలో అదే రకం తీగలున్న వంతెనల జాబితాలు మళ్లీ తిరగేశారు. ఆ జాబితా పనిచేసిందంటే ఎప్పుడో అరవై, డెబ్బై దశకాల్లో ఏ వంతెనకు ఏ స్టీలు పడిందో ఎవరో రాసిపెట్టారు గనకే.

కొత్త సిమెంట్లకు కావాల్సింది అలాంటి రాతలే. పరిశోధన గ్రాంటు గడువు మూడేళ్లో ఐదేళ్లో ఉంటుంది, తుప్పు ముప్పై ఏళ్లకు గానీ బయటపడదు. గ్రాంటు అయిపోయాక కోర్ తీసి కొలిచేవారికి జీతం ఎవరిస్తారన్న ప్రశ్నకు చాలా దేశాల్లో జవాబు లేదు. జవాబు దొరికిన చోట పద్ధతి సరళంగానే ఉంది. డెన్మార్క్, జర్మనీల మధ్య సముద్రం కింద కడుతున్న ఫెమర్న్‌బెల్ట్ సొరంగం కోసం వేర్వేరు సిమెంట్లతో పోసిన పెద్ద కాంక్రీటు దిమ్మెలను 2010లోనే రోడ్‌బీహావ్న్ రేవులో నీళ్లలో నిలబెట్టారు. సొరంగం పని ఇంకా సాగుతుండగానే ఆ దిమ్మెల నుంచి పదేళ్లకు పైబడిన క్లోరైడ్ కొలతలు అందుబాటులోకి వచ్చాయి. ప్రాజెక్టు ఖర్చుతో పోలిస్తే ఆ దిమ్మెల ఖర్చు ఏ మూలకూ రాదు. ఉష్ణమండల రేవుల్లో ఎల్‌సీ3తో కట్టే ప్రతి పెద్ద పనికీ ఇలాంటి దిమ్మెలు పక్కన పోయాలని, వాటి కొలతలు అందరికీ అందేలా పెట్టాలని టెండర్‌లోనే ఒక షరతు రాయొచ్చు. దానికి కొత్త శాస్త్రమేదీ అక్కర్లేదు.